ఒళ్లంతా కళ్లు కావాలంటే ఎలా సాధన చేయాలి?

కళరిపయట్టు నేర్చేవారి నోట ఒక మాట వినిపిస్తుంది: ఒళ్లంతా కళ్లు కావాలని. మిగతా యుద్ధకళల గురువులూ ఇదే సంగతిని వేరే మాటల్లో చెబుతారు. తీరా తరగతికి వెళ్తే సమయమంతా బస్కీలకూ పంచ్‌లకూ కిక్‌లకూ పోతుంది. ఒంటి మీద ఎరుక దానంతట అదే వస్తుందని అందరూ అనుకుంటారు. కొందరికి వస్తుంది కూడా. చాలామందికి మాత్రం ఏళ్ల తరబడి నేర్చుకున్నా, కిక్ కొట్టేటప్పుడు తమ ఎడమ చెయ్యి ఎక్కడ వేలాడుతోందో తెలియదు.

ఈ ఎరుకకు విడిగా సాధన ఉంది. దాని కిటుకల్లా ఏదో ఒకటి తీసేయడమే. వేగం తీసేస్తే కండరాలు చెప్పేది వినిపిస్తుంది. చూపు తీసేస్తే అరికాళ్లు మేలుకుంటాయి. బలం తీసేస్తే ఎదుటివాడి కదలిక చర్మానికి అందుతుంది. మీరు నేర్చుకుంటున్నది కరాటే అయినా, జూడో అయినా, తాయ్ చీ అయినా, బాక్సింగ్ అయినా ఈ పద్ధతి పనికొస్తుంది. అసలు ఏదీ నేర్చుకోనివారు కూడా మొదటి మూడు అంచెలూ ఇంట్లో చేసుకోవచ్చు. జోడీతో చేసేవీ, కింద పడేవీ మాత్రం నేర్పేవారి కళ్ల ముందే చేయాలి. తల తిరిగే జబ్బు, చెవి లోపలి సమస్య, మానని మోకాలి లేదా చీలమండ గాయం ఉంటే ముందు వైద్యుణ్ని అడగండి.

పంచేంద్రియాల లెక్కలోకి రాని ఒక జ్ఞానం ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. కళ్లు మూసుకున్నా మీ చెయ్యి ఎక్కడుందో మీకు తెలుస్తుంది కదా, అదే. కండరాల లోపల సాగుదలను కనిపెట్టే సన్నని తంతువులు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లలో బిగువును కనిపెట్టే నాడీకొసలు, కీళ్లలోని మరికొన్ని కలిసి మెదడుకు ఎడతెగకుండా కబురు పంపుతుంటాయి. శాస్త్రవేత్తలు దీన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు. ఇది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్‌కు చెందిన ఇయాన్ వాటర్‌మన్ ఉదంతం చాలు. 1971లో, 19 ఏళ్ల వయసులో, ఒక జబ్బు తర్వాత ఆయనకు మెడ కింది భాగమంతా స్పర్శ, ఈ స్థాన జ్ఞానం పోయాయి. కండరాల్లో శక్తి ఉంది, కానీ లేచి నిలబడలేకపోయాడు. తర్వాత ఒక్కొక్క అవయవాన్నీ కళ్లతో చూసుకుంటూ కదల్చడం పట్టుదలగా నేర్చుకున్నాడు. అయినా గదిలో దీపం ఆరిపోతే కుప్పకూలేవాడు. మనకు పుట్టుకతో వచ్చిన ఈ సంపదను మనం వాడేది తక్కువ. దాన్ని పదును పెట్టడమే ఇక్కడి పని.

ముందు ఎక్కడున్నారో చూసుకోండి

సాధన మొదలుపెట్టేముందు ఫోనును ఒక మూల నిలబెట్టి, మూడు పరీక్షల వీడియో తీసుకోండి.

మొదటిది, గోడకు చేరువలో ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకోవడం. ఎత్తిన కాలు నేలను తాకేదాకా సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత రెండో కాలితో చేయండి. కళ్లు తెరిచి నిమిషం నిలబడగలిగినవారు కూడా కళ్లు మూయగానే తూలిపోవడం మామూలే. సిగ్గుపడనక్కర్లేదు.

రెండోది, నేల మీద టేపుతో ఒక గీత గీసి, దాని మీద నిలబడి, చేతులు ముందుకు చాచి, కళ్లు మూసుకుని, ఉన్నచోటే 50 అడుగులు వేయడం. కళ్లు తెరిచేసరికి కొంత ముందుకు జరిగి, ఒక పక్కకు తిరిగి ఉంటారు. ఎంత జరిగారో, ఎటు తిరిగారో రాసుకోండి. ఒక చెవి లోపలి సమతౌల్య యంత్రాంగం రెండోదాని కంటే మందగించిందా అని చూడటానికి వైద్యులు కూడా ఇలాంటి పరీక్షే చేస్తారు. కొంచెం తిరగడం ఆరోగ్యవంతులకూ ఉంటుంది కాబట్టి కంగారు పడవద్దు.

మూడోది అద్దం ముందు. కళ్లు మూసుకుని మీ ఫైటింగ్ స్టాన్స్‌లోకి, అంటే పోరాటానికి సిద్ధంగా నిలబడే తీరులోకి వచ్చి, అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక కళ్లు తెరవండి. గడ్డం దగ్గర ఉందనుకున్న పిడికిలి ఛాతీ దగ్గర ఉంటుంది. నిటారుగా ఉందనుకున్న వీపు ముందుకు వంగి ఉంటుంది. నమ్మకానికీ నిజానికీ మధ్య ఉన్న ఈ తేడానే రాబోయే వారాల్లో తగ్గించుకోవాలి.

అరికాళ్లతో మొదలు

బూట్లు, సాక్సులు తీసేయండి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి నిలబడండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు అనే మూడు చోట్ల మీద బరువు ఎలా పడుతోందో గమనించండి. ఒంటిని చాలా కొద్దిగా ముందుకు, కుడికి, వెనక్కు, ఎడమకు గుండ్రంగా ఊపండి. బరువు ఒక చోటు నుంచి మరో చోటుకు జరగడం తెలియాలి. కాలివేళ్లు నేలను పట్టుకుంటున్నాయంటే హద్దు దాటారని గుర్తు. అప్పుడు ఊపు తగ్గించండి. ఒక నిమిషం కళ్లు తెరిచి, ఒక నిమిషం కళ్లు మూసి చేయండి.

తర్వాతి అభ్యాసం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో మనల్ని మనం మోసం చేసుకోవడానికి వీలుండదు. ముల్లు తిరిగే పాతకాలపు తూకం యంత్రాలు రెండు సంపాదించండి. డిజిటల్‌వి చాలావరకు ఒక అంకె దగ్గర ఆగిపోతాయి, వాటితో ఈ పని కుదరదు. పాదానికొకటి చొప్పున నేల మీద పెట్టి, స్టాన్స్‌కు తగ్గట్టు ఎడంగా జరిపి, మీ కళరీతిలో నిలబడండి. కరాటేలో జెన్‌కుట్సు దాచి అనే నిలుపు అంటే బరువులో సుమారు 60 శాతం ముందు కాలి మీద, 40 శాతం వెనక కాలి మీద ఉండాలి. కోకుట్సు దాచిలో వెనక కాలి మీద 70. పిల్లి నిలుపు అనదగ్గ నెకో ఆషి దాచిలో వెనక కాలి మీద దాదాపు 90. ముందు చూపును ఎదుటి గోడ మీద నిలిపి, బరువు సరిగ్గా పంచానని అనిపించినప్పుడు ముందు కాలి మీద ఎంత శాతం ఉందో ఒక అంకె పైకి చెప్పండి. ఆ తర్వాతే కిందికి చూడండి. 60 అనుకున్నది 75 అయి కనిపిస్తుంది. సరిచేసుకుని, ఆ సరైన నిలుపు తుంటిలో, తొడలో ఎలా ఉందో పది శ్వాసల పాటు గమనించి, దిగి, మళ్లీ ఎక్కండి. వారం తిరిగేసరికి అంచనా దగ్గర పడుతుంది. అప్పుడు కళ్లు మూసి చేయండి. తలను నేలకు వంచి చూస్తే బరువు మారిపోతుంది కాబట్టి, ముల్లు చదవడానికి పక్కన ఒకరుంటే మరీ మంచిది.

వేగం తీసేయండి

మీకు బాగా వచ్చిన ఒకే ఒక్క కదలికను తీసుకోండి. ఫ్రంట్ కిక్ అనుకుందాం. మామూలుగా ఒక సెకనులో అయిపోయేదాన్ని 20 సెకన్లకు సాగదీయండి. మోకాలు పైకి లేవడానికి ఆరు, కాలు చాచడానికి నాలుగు, వెనక్కి మడవడానికి నాలుగు, కిందికి దించడానికి ఆరు. వేగంగా కొట్టినప్పుడు ఊపు మన తప్పులన్నిటినీ కప్పిపుచ్చుతుంది. నెమ్మదిగా చేస్తే ఊపు ఉండదు, తప్పులు దాక్కునే చోటూ ఉండదు. మోకాలు నడుము ఎత్తుకు వచ్చేసరికి నిలబడ్డ కాలి మడమ పైకి లేస్తోందా? కాలు చాచేటప్పుడు భుజం చెవి దగ్గరికి పోతోందా? దవడ బిగుసుకుంటోందా? శ్వాస ఆగిపోయిందా?

అన్నీ ఒకేసారి గమనించాలని చూస్తే ఏదీ తెలియదు. ఒక్కో విడతకు ఒక్కో భాగానికే ధ్యాస ఇవ్వండి. మొదటి విడతలో నిలబడ్డ పాదం, రెండో విడతలో తుంటి, మూడో విడతలో ఖాళీగా ఉన్న చేతులు, నాలుగో విడతలో మెడ, దవడ. శ్వాస బిగబడుతోందో లేదో తెలుసుకోవడానికి సులభమైన దారి పైకి అంకెలు లెక్కపెట్టడం. గొంతు ఆగిన చోటే ఊపిరి ఆగింది.

కటా, అంటే ఒక వరసలో చేసే కదలికల కూర్పు, వచ్చినవారు అందులో ఎనిమిది పది కదలికల ముక్కను ఇలాగే చేయవచ్చు. తాయ్ చీ వారికి ఈ నెమ్మది కొత్త కాదు. కానీ అందరూ కోరే ఆ నెమ్మది కూడా అలవాటై యాంత్రికంగా మారే ప్రమాదం ఉంది. అలా అనిపిస్తే ఎడమ, కుడి తారుమారు చేయండి, వెంటనే నిద్ర వదులుతుంది.

నెమ్మదిగా చేసిన ప్రతి మూడు విడతల తర్వాత ఒకసారి మామూలు వేగంతో చేయండి. లేకపోతే నెమ్మదిలో నేర్చుకున్నది నెమ్మదిలోనే ఉండిపోతుంది.

చర్మంతో చదవడం

ఈ సాధన మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది స్పర్శ. కంటితో చూసి స్పందించడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. స్పర్శకు, శబ్దానికి స్పందించడం సాధారణంగా అంతకంటే త్వరగా జరుగుతుంది. పైగా తాకి ఉన్న చెయ్యి కంటికి కనిపించని సంగతి చెబుతుంది: ఎదుటివాడి బరువు ఎటు ఉంది, ఏ కండరం బిగుసుకోబోతోంది. తాయ్ చీలో తుయ్ షౌ, వింగ్ చున్ అనే చైనా యుద్ధకళలో చీ సావ్ అనే జోడీ సాధనలు పుట్టింది ఇందుకే.

చూపు లేనివారి జూడోను గమనిస్తే దీని విలువ తెలుస్తుంది. 1988 సియోల్ నుంచి అది పారాలింపిక్స్‌లో ఉంది. మామూలు జూడోలో పట్టు కోసమే సగం పోరాటం. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకరి దుస్తులు ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. ఆ తర్వాత జరిగేదంతా గుడ్డ మీదుగా చేతికి అందే కబుర్లతోనే. చొక్కా చేతి అంచు కొద్దిగా లాగబడితే చాలు, ఎదుటివాడు ఏ కాలు ఎత్తబోతున్నాడో వాళ్లకు తెలిసిపోతుంది.

మీరు మొదలుపెట్టడానికి సరళమైన పద్ధతి ఇది. మీ ఎత్తూ బరువూ ఉన్న జోడీతో ఎదురెదురుగా నిలబడండి. ఇద్దరూ కుడికాలు ముందు పెట్టి, కుడి మణికట్లు వెలుపలి వైపు ఆనించండి. ఒకరు నడిపించాలి, ఒకరు అనుసరించాలి. నడిపించేవారు చేతిని గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతారు. అనుసరించేవారి పని రెండే: చెయ్యి విడిపోకూడదు, ఒత్తిడి పెరగకూడదు. వినడానికి ఇంతే. చేసి చూస్తే ఎదుటివారు వెనక్కి లాగినప్పుడు సందు పడుతుంది, ముందుకు వచ్చినప్పుడు మీ భుజం ఎదురు తిరుగుతుంది.

రెండు నిమిషాలయ్యాక అనుసరించేవారు కళ్లు మూసుకోవాలి. ఇక్కడ ఒక విచిత్రం చూస్తారు: చాలామందికి కళ్లు మూసుకున్నాకే పని తేలికవుతుంది. కళ్లు తెరిచి ఉన్నంతసేపు మెదడు ఎదుటి చెయ్యి ఎటు పోతుందో ఊహిస్తూ ముందే పరుగెత్తుతుంది. మూసుకున్నాక ఊహించడానికి ఏమీ లేక, మణికట్టు చెప్పేదే వింటుంది.

ఇది కుదిరాక నడిపించేవారు మధ్యలో అప్పుడప్పుడు మీ ఛాతీ వైపు మెల్లగా తోయాలి. మీరు చేత్తో అడ్డుకోకూడదు. నడుము తిప్పి ఆ తోపును పక్కకు జారనివ్వాలి. అడ్డుకోవాలన్న తొందర భుజంలో మొదలవుతుంది. దాన్ని భుజంలోనే పట్టుకుని వదిలేయగలిగిన రోజు మీకు ఈ సాధన అబ్బినట్టు. ఆ తర్వాత రెండు చేతులతో, ఆ తర్వాత అడుగులు వేస్తూ చేయండి.

ఒకటే నియమం: ఎవరూ గెలవకూడదు. పోటీ మొదలైన క్షణాన ఇద్దరి చేతులూ బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతికి ఏమీ వినిపించదు. గెలవకుండా ఉండలేని జోడీ దొరికితే మర్యాదగా వేరొకరిని వెతుక్కోండి.

చూపును వెడల్పు చేయడం

చెయ్యి చాచి బొటనవేలును చూడండి. దాని వెడల్పు పట్టేంత చోటు, అంటే సుమారు రెండు డిగ్రీలు, అంతవరకే కన్ను స్పష్టంగా చూస్తుంది. మిగతాదంతా మసకే. కానీ ఆ మసక భాగం కదలికను పట్టడంలో చురుకైనది. కొత్తగా స్పారింగ్, అంటే జోడీతో సాధన పోరు, చేసేవారు ఎదుటివాడి పిడికిళ్ల వెంట, కాళ్ల వెంట చూపును పరుగెత్తిస్తారు. చూపు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకే ఆ లిప్తపాటు మెదడు దృశ్యాన్ని చాలావరకు అణచివేస్తుంది. అంటే చూడాలని ఆరాటపడిన కొద్దీ గుడ్డి క్షణాలు పెరుగుతాయి. జపాన్ కత్తియుద్ధ కళ కెండోలో ఎదుటివారిని దూరపు కొండను చూసినట్టు చూడమంటారు. ఒక్క చోట గుచ్చకుండా మొత్తాన్ని ఒకేసారి చూడటమన్నమాట.

సాధనకు జోడీని రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, చూపును వారి గొంతుకూ ఛాతీకీ మధ్య ఆనించండి. వారు చేతులు పక్కలకు చాచి, వేళ్లు ఒకటి రెండు మూడు అని మార్చి చూపిస్తుంటే, కళ్లు కదపకుండా ఆ అంకెలు చెప్పండి. తర్వాత వారు ఎడమ భుజం, కుడి భుజం, ఏదో ఒక మోకాలు కొద్దికొద్దిగా కదపాలి. కదిలినదాని పేరు చెప్పండి. చివరికి వారు నెమ్మదిగా పంచ్, కిక్ మొదలుపెట్టాలి. భుజమో తుంటియో కదలగానే మీరు అడుగు పక్కకు వేయాలి. దగ్గర నుంచి వచ్చే జాబ్‌ను, అంటే ముందు చేత్తో కొట్టే సూటి పంచ్‌ను, పిడికిలి చూసి తప్పించుకోవడం దాదాపు కుదరదు, అప్పటికే ఆలస్యమవుతుంది. పిడికిలి కంటే ముందు కదిలేవాటిని పట్టుకోవాలి.

చెవి విషయానికొస్తే ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ అడుగుల చప్పుడు వినండి. స్కిప్పింగ్ చేసేటప్పుడు ఒక పాదం ఎక్కువ చప్పుడు చేస్తోందంటే ఆ కాలు సరిగ్గా దిగడం లేదు. జోడీ ఉంటే, మీరు గది మధ్యలో కళ్లు మూసుకుని నిలబడండి. వారు చుట్టూ మెత్తగా తిరిగి ఒకసారి చప్పట్లు కొట్టాలి. మీరు ఆ వైపు స్టాన్స్‌తో సహా తిరగాలి. ఎడమా కుడీ సులభంగానే తెలుస్తాయి, ఎందుకంటే శబ్దం ఒక చెవికి ముందు, మరో చెవికి తర్వాత చేరుతుంది. సరిగ్గా ఎదురుగా ఉందా వెనక ఉందా అన్న చోటే తడబడతాం. తలను కొద్దిగా తిప్పితే ఆ చిక్కు విడిపోతుంది.

కళ్లకు గంతలు కట్టుకుని కత్తులు తిప్పే ప్రదర్శనలు చూసి, మూడో కన్ను తెరుచుకుంటుందని నమ్మకండి. గంతకూ ముక్కుకూ మధ్య సందు ఉంటుంది, లేదా వరస ముందే కంఠతా వచ్చి ఉంటుంది. కళ్లు మూసుకుని స్పారింగ్ చేయడం వల్ల ముక్కు పగలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పడటం నేర్చుకోండి

జిగోరో కానో 1882లో స్థాపించిన జూడోలో కొత్తగా చేరినవారికి ముందుగా నేర్పేవాటిలో ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడటం, ఒకటి. దీన్ని కేవలం రక్షణ కోసమే అనుకుంటారు. కానీ తల ఎటు తిరుగుతోందో కనిపెట్టే, చెవి లోపలి మూడు అర్ధవృత్తాకార నాళాలకు ఇంతకంటే మంచి వ్యాయామం అరుదు.

మ్యాట్ మీద గొంతుక్కూర్చుని మొదలుపెట్టండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపును మీ బెల్టు ముడి మీద ఉంచండి. పిర్రల మీదుగా వీపు మీదికి దొర్లుతూ, రెండు అరచేతులనూ ముంజేతులతో సహా మ్యాట్ మీద చరచండి. చేతులకూ నడుముకూ మధ్య 30 నుంచి 45 డిగ్రీల కోణం ఉండాలి. చరిచే క్షణంలో ఊపిరి వదలండి. తల నేలను తాకకూడదు. చప్పుడు ఒక్కటిగా వినిపిస్తే వేళ కుదిరింది, రెండుగా వినిపిస్తే ఒక చెయ్యి వెనకబడింది. ఇది భయం లేకుండా వచ్చాకే గురువు సమక్షంలో నిలబడి పడటం, పక్కకు పడటం, ముందుకు దొర్లడం. దొర్లి లేచాక వెంటనే ఒక గుర్తు మీద చూపు నిలిపి స్టాన్స్‌లోకి రండి. తల తిరిగితే ఆ రోజుకు ఆపేయండి.

వారంలో ఎలా సర్దుకోవాలి

అలసిన ఒంట్లో స్థాన జ్ఞానం మొద్దుబారుతుంది. అందుకే వీటిని తరగతి చివర కాదు, వేడెక్కగానే చేయాలి. అరికాళ్ల సాధన రోజూ ఐదు నిమిషాలు. నెమ్మది సాధన వారానికి మూడు రోజులు, పది నిమిషాలు. జోడీ సాధనలు తరగతి ఉన్న రోజుల్లో పావుగంట, ఒక రోజు స్పర్శకు, ఒక రోజు చూపుకు. పడటం వారానికి రెండుసార్లు. ఇంతకంటే ఎక్కువ చేస్తే ధ్యాస చెదిరి వ్యాయామం మాత్రమే మిగులుతుంది. పది నిమిషాలు శ్రద్ధ నిలవని రోజున ఐదుకే ఆపేయండి.

ఆరు వారాల తర్వాత మొదటి మూడు పరీక్షలూ మళ్లీ చేసి, వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండు కాళ్ల మధ్య తేడా అలాగే ఉండిపోతే, వెనకబడ్డ వైపు చీలమండ ఎప్పుడైనా బెణికిందేమో గుర్తు చేసుకోండి. నొప్పి పోయినా, బెణుకు వల్ల కీలు దగ్గర మందగించిన ఎరుక చాలాకాలం తిరిగి రాకపోవచ్చు. అలాంటి కాలితోనే ప్రతి సాధనా మొదలుపెట్టి, దానికి రెట్టింపు విడతలు ఇవ్వండి. మరో ఆరు వారాలకూ మార్పు లేకపోతే ఆ వీడియోలు తీసుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి.